యాదగిరిగుట్ట – నల్లరాతి క్రొత్త కోవెల

మన దేశమున ప్రాచీన దేవాలయములకు కొదువ లేదు. రామప్పగుడిలోని మదనికలను, లేపాక్షి మండపమును, హంపీలోని విఠ్ఠలాలయమును చూచి వచ్చినవారెల్లరు ఇంటికి వచ్చి చెప్పు మాట యొక్కటే: “ఆ పనివారు పోయిరి, ఆ పనియు వారితోనే పోయినది.” ఈ మాట కొంతవరకు నిజము. గడచిన కొన్ని దశాబ్దులలో మన యూళ్ళయందు వెలసిన గుడులలో చాలభాగము ఇటుకతోను, సిమెంటుతోను, ఇనుపచువ్వలతోను కట్టినవే. పైన రంగులు పూసిన బొమ్మలు, లోపల నున్నని పలకలు. భక్తికి అవి చాలును, శిల్పమునకు చాలవు. ఇట్టి కాలమున ఒక కొండమీద, అధిష్ఠానము మొదలు శిఖరము వరకు నల్లరాతితోనే, శిల్పశాస్త్రము చెప్పిన కొలతలతోనే ఒక గొప్ప కోవెలను మరల కట్టిరనిన దానిని చూడవలెనని ఎవరికి తోచదు?

ఆ కోవెల యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామివారి ఆలయము. తెలంగాణమందలి యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. కట్టడము సాగిన దినములలో ప్రభుత్వమువారు దీనికి యాదాద్రి యను పేరు వాడిరి. జనుల నోట మాత్రము ఇది యాదగిరిగుట్టయే. మరల ఆ పేరే వాడవలెనని 2024లో ప్రభుత్వమును ప్రకటించినది. పల్లెటూరి వారికి “గుట్ట” యన్న చాలును. ఏ గుట్ట యని వారు అడుగరు.

హైదరాబాదునుండి వరంగల్లు పోవు రాజమార్గమున ఇంచుమించు అరువది కిలోమీటర్ల ప్రయాణము. పట్టణపు సందడి వెనుకబడిన పిదప ఇరువైపుల రాతిగుండ్లు కానవచ్చును. తెలంగాణపు నేలకు రాయియే నగ. ఒకచోట గుండుపై గుండు నిలిచి ఇప్పుడో అప్పుడో దొర్లునేమో యనిపించును; వేయేండ్లయినను దొర్లదు. భువనగిరి చేరునప్పటికి ఊరిని మించి ఒకే బండ, బోర్లించిన గ్రుడ్డువలె, ఆకాశమునకు లేచి యుండును. పశ్చిమ చాళుక్య ప్రభువైన త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర ఇది త్రిభువనగిరి యని, పిదప భువనగిరి యని ప్రసిద్ధికెక్కినది. బండపై కోట గోడలు నేటికిని నిలిచి యున్నవి. మోకాళ్ళలో సత్తువ గలవారు ఉదయమున ఎక్కి చూడవచ్చును.

భువనగిరి దాటిన పిదప రాయిగిరి వచ్చును. ఈ యూరి పేరు చాలమంది వినియుండరు. ఇచ్చటి రాతిని మాత్రము తెలుగువారిలో చూడనివారు అరుదు. హైదరాబాదు హుస్సేన్‌సాగరు నడుమ నిలిచియున్న 58 అడుగుల బుద్ధవిగ్రహము ఈ రాయిగిరి బండనుండి చెక్కినదే. ఎస్. ఎం. గణపతి స్థపతిగారి ఆధ్వర్యమున శిల్పులు ఏండ్ల తరబడి ఒకే రాతిని మలచిరి. 1990 మార్చిలో పడవపై సాగరములోనికి కొనిపోవుచుండగా విగ్రహము నీట మునిగి, కొందరు పనివారు ప్రాణములు కోల్పోయిరి. 1992 డిసెంబరులో దానిని పైకి తీసి నిలిపిరి. గుట్టకు పోవుదారిలో ఈ సంగతి తలచుకొనుట మంచిది. ఏలయన, ప్రాచీనశిల్పము మరల తలయెత్తినదనుట ఈ ప్రాంతమున నిన్న మొన్నటి మాట కాదని దీనివలన తెలియును. రాయిగిరి రైలుస్టేషనునకే నేడు యాదాద్రి స్టేషనని పేరు. రైలున వచ్చువారు ఇచట దిగి, ఆటోలోనో బస్సులోనో గుట్టకు చేరవచ్చును.

స్థలపురాణము మన యిండ్లలో పెద్దలు చెప్పునదే గనుక సంగ్రహముగా చెప్పెదను. ఋష్యశృంగుని కుమారుడైన యాదమహర్షి ఈ కొండగుహలో ఆంజనేయుని యనుగ్రహమున తపము చేయగా, నృసింహుడు జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపముల అయిదింటితో దర్శనమిచ్చెనట. అందుచే దీనికి పంచనారసింహక్షేత్రమని పేరు. ఆంజనేయుడు ఈ కొండకు క్షేత్రపాలకుడు. కొండపైననే పర్వతవర్ధినీ సమేత రామలింగేశ్వరుని కోవెలయు కలదు గనుక వైష్ణవులకును శైవులకును ఇది యొక్క యాత్రయే.

ఈ స్వామి తెలంగాణపు స్త్రీలకు వైద్యుడు. ఔషధములకు లొంగని వ్యాధి వచ్చినను, మనసు చెదరిన బిడ్డ యింట నున్నను, గుట్టకు వచ్చి పదునొకండు దినములో, నలువది దినములో స్వామి సన్నిధిని వసించి, పుష్కరిణిలో స్నానము చేసి ప్రదక్షిణములు చేయుట తరతరముల ఆచారము. దీనిని మండలదీక్ష యందురు. ఎందరో తల్లులు తడిబట్టలతో ఆ మండపములలో తిరిగిరి. ఆ రాళ్ళపైననే నిదురించిరి. కావున ఈ గుడిని మార్చుట యనగా ఒక కట్టడమును మార్చుట మాత్రము కాదు. ఎందరో తల్లుల జ్ఞాపకములపై చేయి వేయుట.

పాతగుడి చిన్నది. గర్భాలయము కొండగుహయే, వంగి లోనికి పోవలెను. దాని చుట్టు కాలక్రమమున అవసరమునుబట్టి కట్టిన మండపములు, మెట్లు, దుకాణములు ఉండెడివి. పండుగ దినములలో ఊపిరి సలుపని త్రొక్కిడి. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన పిదప ప్రభుత్వమువారు ఈ కోవెలను మరల నిర్మింప సంకల్పించిరి. 2016లో స్వామివారి నిత్యపూజలకు కొండపైననే బాలాలయము నేర్పరచి, దర్శనములను అచటికి మార్చి, పని సాగించిరి. ఆరేండ్లు కొండపై ఉలిచప్పుడు ఆగలేదు. 2022 మార్చి 28వ తేదిన మహాకుంభసంప్రోక్షణము జరిగి, మూలవిరాట్టు దర్శనము మరల లభించినది.

ఇంత పనియు జరిగినను, గుహను మాత్రము కదల్పలేదు. స్వయంభువైన స్వామి ఎచట నుండెనో అచటనే యున్నాడు. ఆ గుహకు చుట్టును, పైనను, ముందును నల్లరాతి కోవెల పెరిగినది.

ఇక కోవెలను చూతము. ఇట్టి గుడిలోనికి పోయినప్పుడు మనము సామాన్యముగా పైకి చూచి “ఎంత గొప్పగా నున్నది!” అని లోనికి పోదుము. కొంచెము నిలిచి క్రిందినుండి పైకి చూచుట నేర్చుకొన్నచో, గుడి మనతో మాటలాడును. శిల్పశాస్త్రమున ఆలయమునకు ఆరు అంగములు చెప్పబడినవి: అధిష్ఠానము, పాదము, ప్రస్తరము, గ్రీవము, శిఖరము, స్తూపి. వీనిని మనిషి శరీరముతో పోల్చి చెప్పుదురు. అధిష్ఠానము పాదములు, పాదమనబడు స్తంభభిత్తుల భాగము నిలువెత్తు దేహము, ప్రస్తరము భుజములు, గ్రీవము కంఠము, శిఖరము శిరస్సు, స్తూపి సిగలోని ముడి. ఈ యారింటికిని పరస్పరము కొలత కలదు. ఒకటి పెరిగిన మిగిలినవియు దాని వంతున పెరుగవలెను. మన యింట పిండివంటకు పిండి హెచ్చించి బెల్లము హెచ్చింపకున్న రుచి చెడును గదా! ఇదియు నంతే. దేవతామూర్తులకును ఇట్టి కొలతయే. ముఖము పొడవును ఒక తాలముగా గ్రహించి, విగ్రహము ఇన్ని తాలములుండవలెనని నిర్ణయింతురు. శిల్పి కంటికి నచ్చినట్లు చెక్కుట కాదు; కొలతలో నిలిచి, ఆ కొలతలోనే ముఖమునకు దయను, చూపునకు చలనమును తెచ్చుట అతని ప్రజ్ఞ.

ఆలయమునకు ఏడు గోపురములు. అందు పడమటి దిక్కున నున్న మహారాజగోపురము ఏడంతస్తులది. మనము దక్షిణదేశపు యాత్రలలో చూచు గోపురములలో చాలవరకు క్రింది భాగము మాత్రమే రాయి. పై యంతస్తులు ఇటుకతో కట్టి, సున్నపు సుధతో బొమ్మలు తీర్చి రంగులు వేసినవి. ఇచట అట్లు కాదు. అడుగునుండి పై వరకు రాయియే. అందుచే రంగుల కలకలము లేదు. ఉదయపు టెండలో నల్లరాయి లేత బూడిదవన్నెలో నుండును. వాన తడిపినప్పుడు కాటుకవలె మెరయును.

ఈ రాతిని కృష్ణశిల యందురు. చాలభాగము ఆంధ్రదేశమున ప్రకాశము జిల్లా ప్రాంతపు గనులనుండి వచ్చినది. రాతిని ఎన్నుకొనుట యొక విద్య. శిల్పులు సుత్తితో మెల్లగా కొట్టి నాదమును విందురు. గంటవలె మ్రోగునది పుంశిల, అది మూర్తులకు. తాళమువలె పలుకునది స్త్రీశిల, అది పీఠములకు. నాదము లేనిది నపుంసకశిల. అది నేలపై పరచుటకు. కుండ కొనునప్పుడు మనము వ్రేలితో కొట్టి చూచుట ఈ విద్యకు చెల్లెలే. పగులు కంటికి కనబడకమునుపే చెవికి తెలియును.

రాళ్ళ నడుమ సిమెంటు వాడక, డంగుసున్నమును వాడిరి. ఆ సున్నములో బెల్లము, కరక్కాయ, కలబంద, జనపనార కలిపిరి. ఈ దినుసులు చదివినప్పుడు ఇది వంటయింటి చిట్కాయా, వైద్యుని చీటియా యని నవ్వు వచ్చును. కాని మన తాతల మేడలన్నియు ఇట్టి సున్నముతో కట్టినవే. బెల్లపు నీరును, కరక్కాయ కషాయమును సున్నమునకు పట్టు నిచ్చును. నార బీటలు వారనీయదు. సున్నము గాలిని పీల్చుకొని మెల్లమెల్లగా మరల రాయియగును. సిమెంటు గంటలలో గట్టిపడును. సున్నము ఏండ్లు తీసికొనును. ఆ నిదానమే దాని బలము.

లోపలి మండపమున యాళిస్తంభములు, వానిపై బరువుగా వంగిన దూలములు, పన్నిద్దరు ఆళ్వారుల నిలువెత్తు మూర్తులు ఉన్నవి. ఆళ్వారులలో ఏకైక స్త్రీ గోదాదేవి. ఆమె కట్టి విడిచిన మాలనే స్వామి కోరెనన్న కథ ధనుర్మాసమున మన యిండ్లలో వినబడునదే. పదునొకండుగురు పురుషభక్తుల నడుమ ఆమె నిలిచియుండుట చూచినప్పుడు, స్త్రీలు అచట కొంచెము సేపు ఎక్కువ నిలుచుచున్నారు. ఎవరును చెప్పకుండగనే కొందరు ఆమె పాదములు తాకి కన్నుల కద్దుకొనుచున్నారు. గర్భాలయమునకు సమీపమున ప్రహ్లాదచరిత్ర ఘట్టములు చిత్రింపబడినవి. పిల్లలను వెంట కొనిపోవు తల్లులు ఇచట ఆగి, కథను బొమ్మబొమ్మకు చెప్పుకొనుచు పోవచ్చును.

వెలుపలి ప్రాకారమున ఎనిమిది కోణముల స్తంభములతో మండపములు కలవు. వీని రూపమున కాకతీయుల పోలిక కానవచ్చును. ఇచటనే విమర్శకులు ఒక ప్రశ్న వేయుదురు. కాకతీయులు ఇంత యెత్తు గోపురములు కట్టలేదు. 1213లో పూర్తియైన రామప్పగుడిలో గాని, హనుమకొండ వేయిస్తంభముల గుడిలో గాని ఇట్టి గోపురములు లేవు. మింటికెగయు గోపురము తమిళదేశమున పెరిగి, విజయనగరపు ప్రభువుల కాలమున మనకు బాగుగా అలవాటైనది. ఈ రెంటిని ఒక్కచోట కూర్చవచ్చునా? కూర్చిన అది ప్రాచీనమగునా? ఈ ప్రశ్న న్యాయమైనదే. నాకు తోచినది వ్రాయుచున్నాను. ప్రాచీనులును ఎక్కడి మంచి యక్కడ గ్రహించినవారే. శుద్ధి యనగా పాతదానిని గీతకు గీత దింపుట యగునేని అది అచ్చుబొమ్మ, శిల్పము కాదు. చూడవలసినది అతుకు తెలియకుండ కుదిరినదా లేదా యని. ఇచట చాలచోట్ల కుదిరినది. కొన్నిచోట్ల మాత్రము అలంకారము మిక్కుటమై, కంటికి విశ్రాంతి దొరకదు. రామప్పలో ఒక నున్నని గోడ, దాని ప్రక్క ఒక్క మదనిక. ఆ యొదుగు ఇచట తక్కువ.

ఈ ఆలయపు రూపకల్పన చేసినవారు ఆనంద్ సాయిగారు. వీరు చలనచిత్రములకు కళాదర్శకులుగా ప్రసిద్ధులు. సినిమాలలో గుడులు కఱ్ఱతో, సుద్దతో కట్టుదురు. చిత్రము ముగిసిన మరునాడు కూల్చివేయుదురు. అట్టి రంగమునుండి వచ్చిన వ్యక్తి, వందలయేండ్లు నిలువవలసిన రాతిగుడికి పూనుకొనుట ఆశ్చర్యమే. ఆయన గీచిన రూపమును రాతిలోనికి దించినవారు స్థపతులు, వారి క్రింద ఆంధ్ర, తెలంగాణ, తమిళ ప్రాంతములనుండి వచ్చిన వందలకొలది శిల్పులు. పనిలో యంత్రములకును పాలు కలదు. బండను కోయుటకు యంత్రపు రంపము, ఎత్తుటకు క్రేను. పూర్వము ఏనుగులును ఏటవాలు మట్టికట్టలును చేసిన పనిని నేడు ఇవి చేయును. కాని ముక్కుకొన, పెదవి విరుపు, వ్రేళ్ళ వంపు వచ్చునప్పటికి యంత్రము ఆగవలెను, చేతియులి రావలెను.

2019లో ఈ స్తంభములపైననే ఒక పెద్ద కలకలము రేగినది. ప్రాకారమండపపు స్తంభములపై దేవతలతోపాటు కారు బొమ్మ, చార్మినారు, నాటి ముఖ్యమంత్రి ప్రతిమ చెక్కియుండుట పత్రికలకెక్కినది. ప్రతి యుగమున శిల్పులు తమ కాలపు లోకవృత్తమును గుడిరాళ్ళపై చెక్కినవారే యని కొందరు సమర్థించిరి. అది అబద్ధము కాదు. పాతగుడులలో వేటకాండ్రు, నాట్యకత్తెలు, సంతలో వర్తకులు, గుఱ్ఱములు తెచ్చిన విదేశీయులు కానవత్తురు. కాని కారు నాటి పాలకపక్షపు ఎన్నికల గుర్తు. దేవుని యెదుట అది లోకవృత్తముగా కాక, పాలకుని ముద్రగా జనులకు తోచినది. నిరసనలు చెలరేగగా వానిని తొలగించిరి. ఇది మన కొక పాఠము. పాతశిల్పమును మరల బ్రతికించుట యనగా దాని నగలను ధరించుట మాత్రము కాదు. దాని మర్యాదను కూడ ధరింపవలెను. గుడి కట్టించిన రాజులు శాసనమున పేరు వ్రాయించుకొనిరి, నిజమే. కాని నేడు గుడికి ధనమిచ్చువారు ప్రజలు. వారి కన్ను పడనిచోటు లేదు.

క్రొత్త కోవెలవలన కలిగిన మేలులు చెప్పితిని, పోయినదియు చెప్పవలెను. కొండను విశాలము చేయుటకై పైనున్న దుకాణములను, కొన్ని వసతులను తొలగించిరి. టెంకాయలు, పూలు, పసుపుకుంకుమలు అమ్ముకొని బ్రతికినవారు తరలిపోవలసి వచ్చినది. బాటలు, యాత్రికులు వరుసలు తీరు కొట్టములు, కొండకు అడ్డుగా లేపిన గోడలు మన కాలపు సిమెంటు పనియే. నల్లరాయి వేసవిలో నిప్పుకణము. మధ్యాహ్నమున చెప్పులు లేక ప్రాకారము తిరుగుట వృద్ధులకు శిక్ష. చెట్టునీడ అలవాటైన పాతయాత్రికులు ఈ విశాలతలో కొంచెము వెలితి పడుదురు.

ఉత్తరపు మండపపు నీడలో కూర్చున్న ఒక ముసలమ్మను, “అవ్వా, మునుపటి గుడి యెరుగుదువా?” అని నేనడిగితిని.

“ఎర్క లేకేంది బిడ్డా! మా ఆయనకు పానం మంచిగలేనప్పుడు నలభై దినాలు గీ గుట్టమీదనే ఉన్నం. గప్పుడు గుడి ఇరుకు, మనుషులం దగ్గెర. గిప్పుడు గుడి పెద్దగైంది,” అని కొంచెమాగి, “స్వామి మాత్రం గా గుహలనే ఉన్నడు. గది చాలు నాకు” అనినది.

శిల్పశాస్త్రపు గ్రంథములు చదివిన పండితులు చెప్పదగిన మాటను ఆమె యొక్క వాక్యమున చెప్పినది. చుట్టును ఎంత మారినను, నడుమనున్నది మారరాదు. క్రొత్త కోవెలలో నాకు మిక్కిలి నచ్చినది ఆ గోపురములు కావు. ఆ గుహను ముట్టక నిలిపిన వినయము.

ఇక అసలు సంగతి. ఇంత పని చేసిన చేతులు ఇప్పుడేమగును? ఒక విద్య చచ్చుటకు శత్రువులు రానక్కరలేదు. పని దొరకకుండిన చాలును. 1323లో ఓరుగల్లు పడిపోయినది. గుడులు కట్టించు ప్రభువులు పోగా, కాకతీయశిల్పము ఒకటి రెండు తరములలో ఆగిపోయినది. దాని ఫలము మన కన్నులయెదుటనే యున్నది. వేయిస్తంభముల గుడి కల్యాణమండపము శిథిలముకాగా, 2006లో రాళ్ళను విప్పదీసిరి. వానిని మరల కూర్చి నిలుపునప్పటికి 2024 మార్చి వచ్చినది. పూర్వులు ఇసుకపునాదిపై నిలిపిన మండపమును తిరిగి నిలుపుటకు ఇంజనీర్లకును స్థపతులకును ఇంచుమించు పదునెనిమిదేండ్లు పట్టినది. కట్టినవారి మనుమలకు మనుమలు ఆ పనిలోనే యుండినచో ఇంత కాలము పట్టియుండునా?

కావున క్రొత్తగా కట్టిన రాతిగుడిని చూచునప్పుడు “ఇది పాతవానివలె నున్నదా?” యని మాత్రమే అడుగుట చాలదు. “దీనివలన ఎందరు కుఱ్ఱవాండ్రు ఉలి పట్ట నేర్చిరి? వారికి రేపు పని కలదా?” యని కూడ అడుగవలెను. గుట్టమీద ఆరేండ్లు వందల చేతులు కలిసి పనిచేసినవి. పదునారేండ్ల ప్రాయమున సానబట్టుటకు వచ్చినవాడు, తిరిగిపోవునప్పటికి లతలు చెక్కగల పనివాడైయుండును. కోవెలకంటె ఇదియే పెద్ద లాభము. కోవెల రాయి, అది ఉండును. చేతిపని చేతినుండి చేతికి అందుకొన్నంతకాలమే యుండును.

ఈ విద్యకు పాఠశాలలును లేకపోలేదు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1960లో తిరుపతిలో సంప్రదాయ శిల్పవిద్యకై ఒక సంస్థను స్థాపించిరి. అచట రాతిశిల్పము, సుధాశిల్పము, లోహశిల్పము, కలంకారీ నేర్పుదురు. తమిళనాట మామల్లపురమున 1957నుండి శిల్పకళాశాల నడచుచున్నది. మన ఆళ్ళగడ్డలోను, పల్నాటి దుర్గిలోను తరతరముల శిల్పికుటుంబములు కలవు. ఆ వీధులలో పోవునప్పుడు తెల్లని రాతిదుమ్ము, ఉలిచప్పుడు, సగము చెక్కిన దేవతల ముఖములు కానవచ్చును. కాని ఈ పిల్లలు చదువుకొని ఉద్యోగములకు పోవలెనని తల్లులు కోరుట సహజము. రాతిదుమ్ము ఊపిరితిత్తులను పాడుచేయును. ఇది చిన్న మాట కాదు. ముక్కునకు గుడ్డయు, దుమ్మును పీల్చు యంత్రమును, తగిన కూలియు, గౌరవమును ఇచ్చిననే ఏ తల్లియైన తన కుమారుని ఈ పనికి పంపును. శిల్పమును మెచ్చుకొని శిల్పిని మరచు దేశమున శిల్పము నిలువదు.

గృహిణులు దీనికి చేయగలిగినదియు కొంత కలదు. ఇల్లు కట్టించునప్పుడు నెలవెచ్చములోని పైసపైస లెక్కచూచు మనమే, అంగడిలో అచ్చుపోసిన సిమెంటు తులసికోటను బేరమాడి కొందుము. దానికి బదులు దగ్గరి శిల్పిచేత రాతితులసికోటనో, గడపనో, నూరుటకు రోలునో చేయించుకొనవచ్చును. ఊరిలో గుడి జీర్ణోద్ధారణమునకు చందా అడుగవచ్చినప్పుడు, “పాతరాళ్ళను పారవేయుచున్నారా? సున్నముతోనా, సిమెంటుతోనా?” యని అడుగవచ్చును. ఇంటి యిల్లాలు అడిగిన ప్రశ్నకు ధర్మకర్తలు జవాబు చెప్పకతప్పదు. నల్లబడిన పాతవిగ్రహమునకు ఆయిలుపెయింటు పూయించి పుణ్యమనుకొను అలవాటును మనమే మాన్పవలెను.

యాత్రకు పోగోరువారికి నాలుగు మాటలు. శని ఆదివారములును, పండుగ దినములును రద్దీ హెచ్చు. వారము నడుమ పోవుట సుఖము. వేసవిలోనైన తెల్లవారుజామున చేరి, ఎండ ముదురకమునుపే ప్రాకారము తిరుగుడు. ఫాల్గుణమున బ్రహ్మోత్సవములు, కల్యాణము చూడదగినది. స్వాతినక్షత్రము నాడు గిరిప్రదక్షిణము చేయువారు పెక్కురు. సత్యనారాయణవ్రతము చేసికొనువారికి కొండ దిగువనే వసతి కలదు. విమానగోపురమునకు 68 కిలోల బంగారముతో తాపడము చేయించి 2025 ఫిబ్రవరి 23వ తేదిన ఆవిష్కరించిరి. ఉదయపు మొదటి కిరణము దానిపై పడునప్పుడు చూడవలెను. సమయమున్న చో సమీపమున కొలనుపాక జైనాలయమును కూడ చూచి రండు.

బంగారమును అందరును చూతురు. మీరు దానిని చూచిన పిదప, తిరిగి వచ్చునప్పుడు ఏదేని యొక స్తంభమునొద్ద నిలిచి, దాని మూలనున్న చిన్న లతను వ్రేలితో తడిమి చూడుడు. ఆకు అంచున ఉలి ఆగినచోటు వ్రేలికి తెలియును. ఆ పని చేసినవాడు నేడు బ్రతికియే యున్నాడు. ఎక్కడో మరియొక రాతిముందు కూర్చుండియో, పనికై ఎదురుచూచుచునో యుండును. అతని కుమారుడును అదే పనిలో నుండునట్లు స్వామి యనుగ్రహించుగాక యని కోరుకొని, కొండ దిగుదము.